పీడీ యాక్టు: మనవాడి మీద పెడితేనే ‘దుర్వినియోగమా’?

2022 ఆగస్టు 23న గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్‌ను హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. ప్రవక్తను కించపరిచే వీడియో పెట్టారన్నది కేసు. అదే రోజు కోర్టు విడుదల చేసింది. 25న మళ్లీ ఇంటికొచ్చి పట్టుకెళ్లారు. ఈసారి పెట్టింది కేసు కాదు, పీడీ యాక్టు, అంటే నేరం రుజువు కాకుండానే ముందుగా నిర్బంధించే ప్రివెంటివ్ డిటెన్షన్ చట్టం. కాబట్టి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టే పనిలేదు, బెయిలు పిటిషన్ వేసే దారీ లేదు. నవంబర్ 9న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసేదాకా, 76 రోజులు, ఆయన చర్లపల్లి జైల్లో ఉన్నారు.

ఆ రెండున్నర నెలలూ రెండే మాటలు గట్టిగా వినపడ్డాయి. ఆయన మనుషులు ‘కక్ష సాధింపు, చట్టం దుర్వినియోగం’ అన్నారు. ఆయన మాటలకు గాయపడ్డవాళ్లు ‘తగిన శాస్తి’ అన్నారు. విచారణ లేకుండా ఒక మనిషిని ఏడాది పాటు లోపల పెట్టే ఉత్తర్వు మీద సంతకం చేసే అధికారం పోలీసు కమిషనర్‌కు ఎందుకుండాలన్న మూడో మాట ఆ రెండింటి మధ్యా నలిగిపోయింది.

అదే ఏడాది ఏప్రిల్ 4న సుప్రీంకోర్టు ఇదే చట్టం కింద ఇచ్చిన మరో ఉత్తర్వును రద్దు చేసింది. ఉద్యోగాలిప్పిస్తామని డబ్బు తీసుకున్నారన్న ఆరోపణ మీద ఒకరిని నిర్బంధించిన కేసు అది. గత ఐదేళ్లలో ఈ చట్టం కింది ఉత్తర్వులు ఐదింటికి పైగా తామే కొట్టేశామని, ఒక్క ఏడాదిలోనే తెలంగాణ హైకోర్టు కనీసం పదింటిని రద్దు చేసిందని ఆ తీర్పు లెక్క చెప్పింది. ఎమ్మెల్యే కేసుకు వచ్చినంత చర్చ ఈ లెక్కకు రాలేదు.

కేసు వేరు, పీడీ వేరు

మామూలు కేసులో నేరం జరిగాక పట్టుకుంటారు, రుజువు చేస్తారు, శిక్ష వేస్తారు. ముందస్తు నిర్బంధంలో రుజువు ఊసే లేదు. ‘ఇతను బయట ఉంటే ఇంకోటి చేస్తాడు’ అని అధికారి తన మనసులో తృప్తి పడితే చాలు. న్యాయవాదులు దీన్నే సబ్జెక్టివ్ శాటిస్‌ఫాక్షన్ అంటారు. ఆ అంచనా నిజమా కాదా అన్నది కోర్టు మామూలుగా చూడదు. ఏ కాగితాలు చూసి అంచనా వేశారు, గడువులు పాటించారా, సంబంధం లేని విషయాలు కలిపారా అన్నంత వరకే చూస్తుంది.

దీనికి చోటిచ్చింది రాజ్యాంగమే. 22వ అధికరణం మొదటి రెండు క్లాజులు అరెస్టయిన ప్రతి మనిషికీ కారణం తెలుసుకునే హక్కు, వకీలును పెట్టుకునే హక్కు, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు వెళ్లే హక్కు ఇస్తాయి. మూడో క్లాజు వచ్చి, శత్రుదేశస్థులకూ ముందస్తు నిర్బంధంలో ఉన్నవారికీ ఇవేవీ వర్తించవంటుంది. యుద్ధకాలపు శత్రువును, చైన్‌స్నాచింగ్ కేసులో నిందితుడిని ఒకే వాక్యంలో కూర్చోబెట్టిన క్లాజు అది.

మన దగ్గర పీడీ యాక్టు అని పిలిచేది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన 1వ నంబరు చట్టం. సారా అమ్మేవాళ్లు, దోపిడీ దొంగలు, మత్తుమందుల నేరస్థులు, గూండాలు, వ్యభిచార ముఠాలు నడిపేవాళ్లు, భూకబ్జాదారులు అని అప్పట్లో ఆరు రకాలు. విభజన తర్వాత తెలంగాణ ఇంకో 13 రకాలు చేర్చింది: నకిలీ విత్తనాలు, పురుగుమందులు, ఎరువులు, కల్తీ ఆహారం, దొంగ పత్రాలు, అడవి నేరాలు, జూదం, లైంగిక నేరాలు, సైబర్ నేరాలు, ఆర్థిక నేరాలు వగైరా. మొత్తం 19. చట్టం పేరు చదవడానికే ఒక నిమిషం పడుతుంది. ఇందులో ఒక తమాషా ఉంది. నకిలీ మిర్చి విత్తనాలు అమ్మాడని ఒక వ్యాపారిని ‘గూండా’ కింద నిర్బంధిస్తే 2017లో సుప్రీంకోర్టు అది అధికార దుర్వినియోగమని ఉత్తర్వు కొట్టేసింది. గూండా అన్న అంగీ పట్టలేదని తేలాక, పట్టే అంగీ ఒకటి కుట్టించి చట్టంలోనే పెట్టారు. మామూలు చట్టం కింద కేసు నడిపితే చాలదా అన్నది ఆ తీర్పు లేవనెత్తిన అసలు ప్రశ్న. దానికి జవాబు రాలేదు. నకిలీ విత్తనాలోడి మీద జాలి ఎవరికుంటుంది?

ఇక గడువులు. ఆర్డరు రాసి, మనిషిని పట్టుకున్నది జూన్ 1 అనుకోండి. జూన్ 6 లోపు, అంటే ఐదు రోజుల్లో, నిర్బంధానికి కారణాలు (వీటినే గ్రౌండ్స్ అంటారు) రాతపూర్వకంగా అందాలి. ఆర్డరు ఇచ్చింది కలెక్టరో కమిషనరో అయితే 12 రోజుల్లో, అంటే జూన్ 13 నాటికి, ప్రభుత్వం ఆమోదించాలి. లేకపోతే ఆర్డరు చెల్లదు. మూడు వారాల్లో, జూన్ 22కల్లా, ఫైలు అడ్వైజరీ బోర్డుకు, అంటే నిర్బంధానికి తగిన కారణం ఉందా అని చూసే సలహా మండలికి, చేరాలి. ఏడు వారాల్లో, జూలై 20కల్లా, బోర్డు తన నివేదిక ఇవ్వాలి. ‘కారణం సరిపోదు’ అని బోర్డు అంటే వదిలేయాల్సిందే. ‘సరిపోతుంది’ అంటే మరుసటి ఏడాది జూన్ 1 దాకా ఉంచొచ్చు. బోర్డు ముందు వకీలును అనుమతించరు. వకీలు కాని స్నేహితుణ్ణి తోడు తెచ్చుకోవచ్చని మాత్రం సుప్రీంకోర్టు ఎ.కె. రాయ్ కేసులో చెప్పింది.

కాగితం మీద ఇన్ని మెట్లున్నాయి కదా, మరి తప్పు ఎక్కడ జరుగుతోంది?

మొదటి తప్పు బెయిలు దగ్గర. నిందితుడికి కోర్టు బెయిలిచ్చింది, పోలీసులకు నచ్చలేదు. పై కోర్టుకెళ్లి బెయిలు రద్దు చేయమని అడగడం చట్టం చూపిన దారి. దానికి వాదించాలి, సాక్ష్యం చూపాలి. పీడీ ఆర్డరు టైపు చేయడం తేలిక. షేర్ల వ్యాపారం పేరుతో మోసం చేశారని ఐదు ఎఫ్‌ఐఆర్‌లున్న ఒక వ్యక్తికి ఐదింటిలోనూ కోర్టు రక్షణ దొరికింది. అయినా నిర్బంధించారు. 2021 ఆగస్టు 2న జస్టిస్ నారిమన్ ధర్మాసనం ఆ ఉత్తర్వును రద్దు చేసింది. బెయిలు మీద అభ్యంతరం ఉంటే అది రద్దు చేయించుకోవాలి తప్ప పీడీకి పరుగెత్తకూడదని దాని సారాంశం.

రెండోది ‘శాంతిభద్రతలు’ అన్న మాట దగ్గర. ఈ చట్టం అడిగేది పబ్లిక్ ఆర్డర్‌కు, అంటే సమాజం మొత్తం నడకకు, భంగం కలగడం. ప్రతి నేరమూ లా అండ్ ఆర్డర్ సమస్యే కానీ ప్రతి నేరమూ పబ్లిక్ ఆర్డర్ సమస్య కాదు. మూడు వలయాలు గీసుకోండి: అన్నిటికన్నా పెద్దది లా అండ్ ఆర్డర్, దాని లోపల పబ్లిక్ ఆర్డర్, అన్నిటికన్నా లోపల దేశ భద్రత. ఈ బొమ్మ గీసింది జస్టిస్ హిదయతుల్లా, రామ్ మనోహర్ లోహియా కేసులో. భారత రక్షణ నిబంధనల కింద బిహార్‌లో లోహియాను నిర్బంధించినప్పుడు పుట్టిన సూత్రం అది. ఒక ప్రతిపక్ష నాయకుడి కోసం వచ్చిన ఆ వలయమే అరవై ఏళ్లుగా ఎవరూ పట్టించుకోని నిందితులకు కూడా అక్కరకొస్తోంది. 2024 మార్చి 21న తెలంగాణలో గొలుసు దొంగతనాల ఆరోపణ మీద ఇచ్చిన నిర్బంధాన్ని సుప్రీంకోర్టు రద్దు చేసింది ఈ తేడా చూపించే. మహిళలు భయపడుతున్నారని ఆర్డరులో రాస్తే సరిపోదు, దానికి ఆధారం ఫైల్లో ఉండాలంది. అడ్వైజరీ బోర్డులు రబ్బరు స్టాంపులు కాకూడదని కూడా అదే తీర్పు హెచ్చరించింది.

మూడోది పాత కేసులు. ఎన్నో నెలల కిందటి ఎఫ్‌ఐఆర్‌ను తవ్వి తీసి ‘ఇప్పుడు ప్రమాదం’ అంటారు. అంత ప్రమాదమైతే ఇన్నాళ్లూ ఏం చేశారన్నది కోర్టు మొదటి ప్రశ్న. 2023 సెప్టెంబరు 4 నాటి తీర్పులో సుప్రీంకోర్టు, తెలంగాణలో కొందరు పోలీసు అధికారులు ప్రాథమిక హక్కులు మరిచి జనం స్వేచ్ఛను కత్తిరించడం ఒక చెడ్డ ధోరణిగా మారిందని సూటిగానే రాసింది.

అన్ని ఉత్తర్వులూ కొట్టుకుపోతాయని కాదు. కాకినాడ నాటుసారా కేసులో 2023 ఆగస్టు 16న సుప్రీంకోర్టు నిర్బంధాన్ని సమర్థించింది. ఆ సారా తాగడానికి పనికిరాదన్న ల్యాబ్ నివేదిక ఉంది, జనం ఆరోగ్యానికి ముప్పు ఉంది కాబట్టి అది పబ్లిక్ ఆర్డర్ వలయంలోకి వస్తుందంది. కలెక్టర్లకు అధికారం అప్పగించే గడువు మూడు నెలలే గానీ, నిర్బంధం మూడు నెలలకే పరిమితం కాదని కూడా తేల్చింది.

కొట్టేసిన ఉత్తర్వులకైనా పోయిన రోజులు తిరిగి రావు. హైకోర్టులో హెబియస్ కార్పస్ (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందు పెట్టమనే పిటిషన్) వేసి, ప్రభుత్వం కౌంటరు వచ్చి, వాదనలయ్యేసరికి ఏడాదిలో సగం జైల్లోనే గడిచిపోతుంది. ఉత్తర్వు తప్పని తేలినా సంతకం పెట్టిన అధికారి జేబులోంచి పైసా పోదు. అందుకే నిలబడదని తెలిసినా ఆర్డరు ఇవ్వడానికి ఎవరూ వెనకాడరు.

లోపలికెళ్లినవాళ్లే చట్టం రాశారు

ఈ చట్టాల కుటుంబ వృక్షం చూస్తే అసలు విషయం అర్థమవుతుంది. రౌలట్ చట్టానికి ‘దలీల్ (వాదన) లేదు, వకీల్ లేడు, అప్పీల్ లేదు’ అని పేరు పెట్టి పోరాడినవాళ్లే 1949లో 22వ అధికరణం రాశారు. 1950 ఫిబ్రవరిలో ముందస్తు నిర్బంధ బిల్లు తెస్తూ నిద్రలేని రాత్రులు గడిపానని పటేల్ చెప్పుకున్నారు. ఏడాదికే అన్న చట్టం పొడిగింపుల మీద పొడిగింపులతో 1969 డిసెంబరు 31 దాకా బతికింది. నిద్ర త్వరగానే పట్టినట్టుంది.

ఆ చట్టాన్ని సుప్రీంకోర్టులో మొదట సవాలు చేసింది కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్, మద్రాసు జైలు నుంచి. 1950 మే 19న ఓడిపోయారు. నిర్బంధ కారణాలను కోర్టుకు కూడా చెప్పకూడదన్న 14వ సెక్షన్ ఒక్కటే కొట్టుకుపోయింది. రాజ్యాంగం చదివే ప్రతి విద్యార్థీ ఆ కేసుతోనే మొదలుపెడతాడు. ఢిల్లీలో సీపీఎం కేంద్ర కార్యాలయానికి ఆయన పేరే పెట్టారు, ఏకేజీ భవన్ అని. 2007లో కేరళలో ఆ పార్టీ నాయకత్వంలోని ప్రభుత్వమే గూండాల మీద ముందస్తు నిర్బంధ చట్టం తెచ్చింది. కాపా అంటారు దాన్ని.

1971లో మీసా, అంటే అంతర్గత భద్రతా చట్టం, వచ్చింది. ఎమర్జెన్సీలో దీని కింద 34,988 మందిని నిర్బంధించారని ఎమర్జెన్సీ అక్రమాల మీద వేసిన షా కమిషన్ లెక్కతేల్చింది. వాళ్లలో చరణ్ సింగ్ ఒకరు. 1977లో ఆయన కేంద్ర హోంమంత్రి అయ్యారు. ఆ ఏడాది చివర్లోనే జనతా ప్రభుత్వం ముందస్తు నిర్బంధాన్ని ఏకంగా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోకి ఎక్కించే బిల్లు తెచ్చింది. గోల కావడంతో వెనక్కి తీసుకుంది. 1978లో మీసా రద్దయింది. 1979 అక్టోబరులో, అప్పటికి ప్రధాని అయిన చరణ్ సింగ్ ప్రభుత్వం బ్లాక్‌మార్కెటింగ్ చేసేవాళ్ల మీద ముందస్తు నిర్బంధ ఆర్డినెన్స్ ఇచ్చింది. మీసా వద్దు, కానీ నల్లబజారోడి మీద మాత్రం కావాలి. మరుసటి ఏడాది ఇందిరాగాంధీ తిరిగొచ్చి ఆ ఆర్డినెన్సును చట్టం చేశారు, దాంతోపాటు జాతీయ భద్రతా చట్టమూ (ఎన్‌ఎస్‌ఏ) తెచ్చారు. ఆ ఎన్‌ఎస్‌ఏ ఇప్పటికీ ఉంది. 2019 ఫిబ్రవరిలో మధ్యప్రదేశ్‌లో కాంగ్రెస్ ప్రభుత్వం ఖండ్వాలో గోవధ ఆరోపణ మీద ముగ్గురిపై దాన్ని పెట్టింది. 2020లో ఉత్తరప్రదేశ్‌లో బీజేపీ ప్రభుత్వం డాక్టర్ కఫీల్ ఖాన్ మీద పెట్టింది. అలహాబాద్ హైకోర్టు ఆ సెప్టెంబరు 1న కొట్టేసింది. ఏటా జూన్ 25న మీసా జైలు కథలు గర్వంగా చెప్పుకునే పార్టీకి ఎన్‌ఎస్‌ఏలో మాత్రం ఆ వాసన తగలదు.

కశ్మీర్ కథ ఇంకా దగ్గరి చుట్టరికం. ఏళ్ల తరబడి నిర్బంధంలో గడిపిన షేక్ అబ్దుల్లా 1978లో కలప దొంగల కోసమని ప్రజా భద్రతా చట్టం తెచ్చారు. 2019 సెప్టెంబరులో ఆయన కొడుకు ఫరూఖ్ మీద, 2020 ఫిబ్రవరిలో మనవడు ఒమర్ మీద అదే చట్టం పెట్టారు. మిలిటెన్సీ రోజుల్లోనూ జనాన్ని ఓటింగుకు రప్పించగల శక్తి ఒమర్‌కు ఉందని పోలీసు ఫైల్లో ఒక కారణంగా రాసినట్టు వార్తలొచ్చాయి. అంతకుముందు ఆరేళ్లు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఆ చట్టం ఒమర్ చేతిలోనే ఉంది. రద్దు చేస్తామన్న హామీ తర్వాత వచ్చింది.

పోటా ముందస్తు నిర్బంధ చట్టం కాదు, ఉగ్రవాద నిరోధక చట్టం. అయినా తమిళనాడు ఎండీఎంకే నాయకుడు వైకో సంగతి చెప్పక తప్పదు. 2002లో పార్లమెంటులో పోటాకు మద్దతిచ్చారు. ఆ జూలై 11నే జయలలిత ప్రభుత్వం ఒక ప్రసంగానికి గాను ఆయన్ను పోటా కింద అరెస్టు చేసింది. వేలూరు జైల్లో 19 నెలలు.

మన దగ్గరా కొరత లేదు. 1984 ఆగస్టు 16న గవర్నరు చేత అన్యాయంగా బర్తరఫ్ అయి, నెల రోజులు జనాన్ని కదిలించి తిరిగొచ్చిన ఎన్టీఆర్ ప్రభుత్వమే 1986 పీడీ చట్టం తెచ్చింది. 2009 నవంబర్ 29న దీక్షకు వెళ్తున్న కేసీఆర్‌ను దారిలో అరెస్టు చేసి ఖమ్మం జైలుకు పంపితే తెలంగాణ భగ్గుమంది. ఆయన ముఖ్యమంత్రిగా ఉన్న 2017 ఫిబ్రవరిలో, ఉద్యమంలో పక్కనే నడిచిన కోదండరామ్‌ను నిరుద్యోగ ర్యాలీకి ముందు రాత్రి ఇంట్లోంచి పట్టుకెళ్లారు. అదే ఏడాది ఇందిరాపార్కు ధర్నాచౌక్‌ను ఎత్తేశారు. ధర్నాలు ఊరి బయట చేసుకోమన్నారు. హైకోర్టు జోక్యంతో చౌక్ తిరిగి తెరుచుకుంది. 2021 నవంబర్ 18న కేంద్రం వడ్లు కొనాలంటూ కేసీఆర్ మహాధర్నాకు కూర్చున్నది సరిగ్గా అక్కడే.

‘దుర్వినియోగం’ ఒక దొడ్డిదారి

ఈ కథలన్నిటిలో అరిగిపోయిన మాట ఒకటుంది: దుర్వినియోగం. చట్టం మంచిదే, వాడినవాడు చెడ్డవాడు అన్న అర్థం దాన్లోనే ఇమిడి ఉంది. కాబట్టి ఆ మాట వాడే నాయకుడు చట్టం రద్దు చేయమని అడగక్కర్లేదు. రేపు తాను కుర్చీలో కూర్చున్నప్పుడు అది కావాలి కదా. పార్టీ ఏదైనా సరే, ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ఇచ్చిన ప్రకటన తీసి చూడండి. ‘రద్దు చేయాలి’ అని ఉందా, ‘దుర్వినియోగం ఆపాలి’ అని ఉందా? మొదటిది చాలా అరుదు.

ఇక్కడ ఒక చిక్కు విప్పాలి. అన్ని అన్యాయాల మీదా సమానంగా మాట్లాడనివాడు కపటి అని తేల్చేయడం అన్యాయం. దళిత సంఘం దళితుల కేసులే పట్టించుకుంటుంది, జర్నలిస్టుల సంఘం జర్నలిస్టుల అరెస్టుల మీదే ధర్నా చేస్తుంది. ఓపికా డబ్బూ అంతవరకే ఉంటాయి. అది పని విభజన. పక్కవాడి మీద జరుగుతుంటే భయంతోనో బద్ధకంతోనో నోరు మూసుకోవడం ఇంకో మెట్టు. తప్పే, కానీ మనుషుల తప్పు. మూడోదాని రంగు వేరు: నా మీద పెడితే నిరంకుశత్వం, వాడి మీద పెట్టకపోతే చేతగానితనం అనడం. ‘వాడి మీద పీడీ యాక్టు పెట్టాలి’ అని డిమాండ్ చేసిన రోజే ఆ మనిషి తన మీద పెట్టడానికి కూడా ఒప్పందం రాసిచ్చాడు. చట్టంలో వాడి పేరు ఉండదు. ‘పబ్లిక్ ఆర్డర్‌కు భంగం కలిగించేవాడు’ అని మాత్రమే ఉంటుంది. ఆ ఖాళీలో ఏ పేరు రాయాలో తేల్చేది ఆ రోజు కుర్చీలో ఉన్నవాడు.

ఆ ఖాళీలో అందరి పేర్లకూ ఒకే బరువు ఉండదు కూడా. ఎమ్మెల్యేకు సీనియర్ న్యాయవాదులుంటారు, కెమెరాలుంటాయి, 76 రోజుల్లో ఉత్తర్వు కొట్టేయించుకోగలరు. నాటుసారా కేసులో లోపలికెళ్లిన మనిషి భార్యకు హెబియస్ కార్పస్ అన్న మాట తెలిసేసరికి బోర్డు విచారణ అయిపోతుంది. జైల్లో చేతికిచ్చే కట్ట కొన్నిసార్లు వంద పేజీలు దాటుతుంది, అందులో ఏ పేజీ భర్తను కాపాడుతుందో ఆమెకు చెప్పే మనిషి ఉండడు.

అందుకే ఆ పేజీల సంగతి చెప్పుకోవాలి. కట్ట అందినప్పుడు నిర్బంధితుడు సంతకం చేస్తాడు. సంతకం పక్కనే తేదీ, వేళ తన చేత్తో రాయాలి. పట్టుకున్న రోజు నుంచి లెక్కించే ఐదు రోజుల గడువు తప్పిందని చూపేది దానితోనే. కారణాలు అతనికి వచ్చిన భాషలో ఉండాలి. ఇంగ్లిషు కట్ట ఇచ్చి తెలుగులో నోటిమాటగా వివరించామంటే చెల్లదు. ఆర్డరులో ప్రస్తావించిన ప్రతి ఎఫ్‌ఐఆర్, పంచనామా, వాంగ్మూలం నకలు కట్టలో ఉందా అని ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకోవాలి. ప్రస్తావించి, నకలు ఇవ్వని కాగితం ఒక్కటున్నా అది వాదనకు పనికొస్తుంది. బెయిలు ఆర్డరు ఆ కట్టలో ఉందా? అధికారి దాన్ని చూడకుండానే సంతకం చేసి ఉంటే అదే పెద్ద లోపం. చివరి నేరం తేదీకీ, ఆర్డరు తేదీకీ మధ్య ఎన్ని నెలలున్నాయో లెక్కేయాలి. వినతిపత్రం ఆర్డరిచ్చిన అధికారికి, ప్రభుత్వానికి, బోర్డుకు వేర్వేరుగా పంపాలి. జైలు సూపరింటెండెంటు ద్వారా పంపితే ఇన్‌వర్డ్ నంబరు తీసుకోవాలి. దానికి జవాబివ్వడంలో వివరణ లేని ఆలస్యం జరిగితే ఒక్క ఆ కారణంగానే ఉత్తర్వులు పోయిన కేసులున్నాయి. హైకోర్టులో పిటిషన్ తల్లి వేయొచ్చు, భార్య వేయొచ్చు, స్నేహితుడూ వేయొచ్చు.

రాజకీయంగా ఇష్టంలేని మనిషి మీద ఇచ్చిన ఆర్డరు వార్తల్లో కనపడితే ఇదే జాబితాతో చదవండి. పేరు మీద వేలు అడ్డం పెట్టుకుని చదివితే ఇంకా మేలు. ఎన్ని కేసులు, ఎన్నిటిలో బెయిలు, చివరిది ఎప్పుడు, మామూలు చట్టం ఎక్కడ సరిపోలేదు? వేలు తీశాక జవాబు మారితే, మారింది చట్టం కాదు.

చప్పట్లు ఎక్కణ్ణుంచి వస్తాయి

ప్రభుత్వాలు ఊరికే హద్దు దాటవు, దాటితే చప్పట్లు పడతాయని తెలిసి దాటుతాయి. శంషాబాద్ దగ్గర పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులు 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర పోలీసు కస్టడీలోనే కాల్పుల్లో చనిపోయినప్పుడు పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసులను విచారించాలని అది తేల్చింది. పూలు చల్లినవాళ్లలో ఎవరి కొడుకునైనా రేపు అలా పట్టుకెళ్తే, ఆ ఎస్సైకి ఆ పూలే గుర్తొస్తాయి.

ఎదురీదినవాళ్లు లేకపోలేదు. పౌరహక్కుల నాయకుడు కె. బాలగోపాల్ 1985లో అప్పటి ఉగ్రవాద నిరోధక చట్టం టాడా కింద జైలుకెళ్లారు. ఎన్‌కౌంటర్ల మీద ఊరూరా తిరిగి నిజనిర్ధారణలు చేశారు. 1990లలో నక్సలైట్ల హింసను కూడా అదే కొలతతో కొలవాలని పట్టుబట్టారు. పోలీసులకు ముందునుంచే శత్రువు, ఇప్పుడు సొంత శిబిరానికీ కాకుండా పోయారు. చివరికి పాత సంఘం వదిలి 1998లో మానవ హక్కుల వేదిక పెట్టారు. ఎవరి వైపూ ఉండకపోవడం అంటారు గానీ, రెండు వైపులా తిట్లు తినడం అన్నదే సరైన వర్ణన.

మిగిలినవాళ్లకు ఇంత కష్టం కూడా అక్కర్లేని పని ఒకటుంది. 1978లో పార్లమెంటు 44వ రాజ్యాంగ సవరణ చేసింది. అందులో 3వ సెక్షన్ 22వ అధికరణాన్ని మారుస్తుంది. బోర్డు అనుమతి లేకుండా ఉంచే గడువు మూడు నెలల నుంచి రెండు నెలలకు తగ్గుతుంది. బోర్డును హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫారసు మీద వేయాలి, అధ్యక్షుడు పనిలో ఉన్న హైకోర్టు జడ్జి అయి తీరాలి. ఇప్పుడున్నట్టు జడ్జి కాగల అర్హత ఉంటే చాలన్న వెసులుబాటు పోతుంది. ఉభయ సభలూ ఆమోదించాయి, రాష్ట్రపతి సంతకం చేశారు. ఫలానా తేదీ నుంచి అమల్లోకి వస్తుందని కేంద్రం గెజిట్‌లో ఒక నోటిఫికేషన్ ఇవ్వడమే మిగిలింది. ఎ.కె. రాయ్ కేసులో ఈ సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్తే, నోటిఫై చేయమని ప్రభుత్వాన్ని ఆదేశించలేమంది. జనతా, కాంగ్రెస్, నేషనల్ ఫ్రంట్, యునైటెడ్ ఫ్రంట్, ఎన్డీయే, యూపీయే, మళ్లీ ఎన్డీయే. వీళ్లందరిలోనూ ముందస్తు నిర్బంధం రుచి చూసిన మంత్రులున్నారు. ఓటింగు అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. ఆ నోటిఫికేషన్ ఇప్పటికీ రాలేదు.